నీలం కిరీటం సీసా

కూడిక నాడు పొద్దుటినుంచీ వంకాయలు కోస్తూ నేను ఒక్కటే ఆలోచించాను. మా ఆయనకు చెప్పాలా, వద్దా?

మా అమ్మాయి ఎవా పోయి నలభై రోజులైంది. సాయంత్రం మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. సిడ్నీలో, హారిస్ పార్క్ రైలు పట్టాల పక్కన మాది రెండు గదుల ఫ్లాట్, ఇక్కడ యూనిట్ అంటారు. పారమట్టా చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవులంతా అందులోనే ఇరుక్కుని కూర్చోవాలి. పాటలయ్యాక మా ఆయన శౌరయ్య లేచి సాక్ష్యం చెబుతాడు. ఆరేళ్ళ బిడ్డను మరియమ్మ తల్లి తన ఒడిలోకి తీసుకుందని చెబుతాడు. వారం రోజులుగా బాత్రూమ్ అద్దం ముందు నిలబడి ఆ మాటలు వల్లె వేస్తున్నాడు. తలుపు ఇవతల బట్టలు మడతపెడుతూ నేను విన్నాను.

మరియమ్మ తీసుకోలేదు. ఎవా ఎలా పోయిందో డాక్టరు నాకు చెప్పింది. నేను ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ మనిషికి దేవుడు మిగలడు. చెప్పకుండా ఆయన పక్కన కూర్చుని ఆమెన్ అంటే నాకు నేను మిగలను.

ముందు మొక్కు సంగతి చెప్పాలి, ఎందుకంటే మొక్కింది నేనే. మాది గుంటూరు దగ్గర పల్లె. తాతలనాటి కథోలికులం. నాకు వరసగా రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి గుణదల మరియమాత కొండెక్కి, ఈ బిడ్డ దక్కితే మూడో ఏట నీ పండక్కి తలనీలాలు ఇస్తానమ్మా అని మొక్కుకున్నాను. బిడ్డ దక్కింది. ఎవాంజలీన్ అని పేరు పెట్టుకున్నాం. మూడో ఏడు నిండకముందే ఆస్ట్రేలియాకు వీసా వచ్చింది. నేను నర్సును, వీళ్ళకు నర్సులు కావాలి, అంతే. బయల్దేరే ముందు గుణదల వెళ్ళి దణ్ణం పెట్టుకుని, అక్కడి నీళ్ళు ఒక సీసాలో పట్టి తెచ్చుకున్నాం. ఆ సీసాలు మీరూ చూసే ఉంటారు. మాత ఆకారంలో ఉంటుంది, ప్లాస్టిక్‌ది, చేతులు జోడించుకుని. తలమీది నీలం కిరీటమే మూత.

"మరి మొక్కు?" అని అడిగాను అప్పుడు.

"నాలుగు రోజులు పోయాక వచ్చి తీర్చుకుందాంలే. మాత యాడికి పోయిద్ది?" అన్నాడు శౌరయ్య. ఆ మాట అన్నది ఆయనే. తరవాత ఆయనకది గుర్తులేదు.

సీసాను పడమటి కిటికీ పక్క అల్మరా మీద, మాత పటం ముందు పెట్టాను. నాలుగు వేసవులు అది అక్కడే ఉంది. సిడ్నీలో జనవరి అంటే నడివేసవి, ఎండ ఎలా ఉంటుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళను తప్పు పట్టను. పట్టుకొచ్చిన రోజున అవి మంచి నీళ్ళే. ఏ నీళ్ళైనా నాలుగేళ్ళు ప్లాస్టిక్‌లో ఎండకు ఉడికితే ఏమవుతాయో అవే అయ్యాయి. కానీ భక్తి గల ఇంట్లో ఆ ఆలోచన ఎవరికీ రాదు. నాకూ రాలేదు.

కిందటేడు జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, ఎవా కాళ్ళమీద నల్లగా కమిలిన మచ్చలు వచ్చాయి. స్కూల్లో పడ్డావా అంటే లేదంది. పళ్ళు తోముకుంటే నెత్తురు. నేను నర్సును కదా, మచ్చలు చూడగానే పిల్లను రక్తపరీక్షకు తీసుకెళ్ళాను. వారం తిరక్కుండా పేరు చెప్పారు, రక్తానికి కాన్సర్ అని. పిల్లల్లో ఎక్కువమందికి నయమవుతుందమ్మా అంది డాక్టర్ హెలెన్. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, అందుకే ఆమెంటే నాకు భయం.

శౌరయ్యది బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషను దగ్గర పని. షిఫ్ట్ దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చేవాడు. ఒళ్ళంతా పంచదార వాసన. ఎవా ఆయన చొక్కాలో మొహం దాచుకుని "డాడీ, యూ స్మెల్ లైక్ మార్నింగ్ టీ" అనేది, అంటే స్కూల్లో బిస్కెట్లు తినే వేళ. ఆ పిల్లకు తెలుగు అర్థమయ్యేది, నోట్లోంచి మాత్రం ఇంగ్లీషే వచ్చేది. దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన ప్రేమకు నేను వంక పెట్టను. ప్రేమ లేనివాడైతే నా బిడ్డ ఇవాళ బతికి ఉండేది.

వెన్నులో సూది పొడిచేటప్పుడు పిల్లను ముడుచుకునేట్టు వంచి పట్టుకోవాలి. నేనే పట్టుకునేదాన్ని. అది "మమ్మీ స్టాప్ దెమ్" అని అరుస్తుంటే దాని చెవిలో మరియమ్మ మంగళవార్త జపం చెప్పేదాన్ని. మొదటిసారి నమ్మకంతో చెప్పాను. అయిదారుసార్లయ్యాక నోరు చెబుతుంటే బుర్ర వేరే లెక్క వేసేది. పక్క మంచం పిల్లవాడు ఏతాన్. వాళ్ళ నాన్న ఫుట్‌బాల్ తప్ప ఇంకో దేవుణ్ణి ఎరగడు, ఆ మాట నవ్వుతూ పైకే అనేవాడు. వాళ్ళబ్బాయి బాగై ఇంటికి వెళ్ళాడు. చివరి మంచం పాపకు వాళ్ళ అమ్మమ్మ రోజూ ఫాదర్ గారిని వెంటబెట్టుకొచ్చి ఆశీర్వాదం ఇప్పించేది. ఆ పాప పోయింది. మొక్కున్న పిల్లలూ మొక్కులేని పిల్లలూ ఆ వార్డులో ఒకేలా వాంతులు చేసుకునేవాళ్ళు. దేవుడు ఆ వార్డులోకి వచ్చాడేమో, నేను కాదనను. వస్తే మాత్రం ఎవరు ఎవరో చూసుకోకుండా వచ్చిపోయాడు.

మందులకు ఎవా జుట్టంతా రాలిపోయింది. నడుందాకా ఉండే జుట్టు. మొక్కు తీరేదాకా కత్తెర పెట్టకూడదని పెంచాం కదా. తలగడ మీద కుచ్చులు కుచ్చులుగా ఊడి పడుతుంటే శౌరయ్య ఏరి రుమాల్లో మూటగట్టాడు.

అప్పుడే విద్యావతి ఆంటీ రంగంలోకి దిగింది. ఈ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులకు చావుకీ పెళ్ళికీ ఆవిడే పెద్ద. పదిహేనేళ్ళ కిందట వచ్చిన మనిషి, భర్త ఇంజనీరు, ప్రార్థన కూడికలు వాళ్ళింట్లోనే. మంచి మనిషే. మాకు నెలల తరబడి క్యారేజీలు పంపింది. ఆ పప్పన్నం తిన్న నోటితో ఇప్పుడు తిడుతున్నానంటే తిడుతున్నాను.

"అమృతం, జుట్టు ఎందుకు పోయిందనుకుంటున్నావే?" అంది మా సోఫాలో కూర్చుని.

"మందులకు ఆంటీ. అందరికీ పోతది."

"మందులకే. నేను కాదన్నానా? మీరు ఇయ్యలేదు, తల్లి తీసుకుంది. అడిగి అడిగి చూసింది. మూడేళ్ళు ఆగింది పాపం."

నేను ఆ మాట వదిలేశాను. శౌరయ్య వదల్లేదు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. బిడ్డకు జబ్బు ఎందుకొచ్చిందో హెలెన్ చెప్పలేకపోయింది, కారణం ఎవరికీ తెలీదంది. విద్యావతి ఆంటీ సోఫాలోంచి లేవకుండానే చెప్పేసింది. కారణం లేని కష్టం కంటే తప్పు చేసి తెచ్చుకున్న కష్టమే మనిషికి నయం. తప్పు దిద్దుకోవచ్చు కదా.

ఆ రోజునుంచి ఆయనకు ఒకటే ధ్యాస. అక్టోబరుకల్లా జబ్బు అణిగిందన్నారు. మందుల జోరు తగ్గించారు. ఎవా తలమీద కోడిపిల్ల ఈకల్లాగా మెత్తగా జుట్టు మొలిచింది. క్రిస్మస్‌కు రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది. ఎవా అద్దం ముందునుంచి కదిలేది కాదు. అది చూసి నేను ఏడ్చాను, శౌరయ్య మోకాళ్ళూనాడు.

"మళ్ళీ ఇచ్చింది చూశావా? ఈసారి మనమే ఇవ్వాల. ఫిబ్రవరి పండక్కి తీసుద్దాం" అన్నాడు.

"ఎవరు పోతారు ఇండియాకు? డాక్టర్లు ఒప్పుకోరు."

"పోవాల్సిన పన్లేదు. విద్యావతి ఆంటీ చెప్పింది, ఇంట్లోనే మాత పటం ముందు తీసి, జుట్టు గుణదల పంపొచ్చంట."

"ఎవా అడిగిందానికి సమాధానం చెప్పండి ముందు" అన్నాను. ఎందుకంటే ఈ మాటలన్నీ అది వింటూనే ఉంది. తల తడుముకుంటూ, "షీ ఆల్రెడీ హాజ్ హెయిర్, డాడీ. వై డస్ షీ వాంట్ మైన్?" అని అప్పటికే అడిగింది. నాకు తెలిసిన వేదాంతులెవరూ అంతకంటే మంచి ప్రశ్న వేయలేదు. శౌరయ్య పిల్ల తలమీద ముద్దు పెట్టాడు.

నేను మా చర్చి ఫాదర్ కెవిన్ దగ్గరికి శౌరయ్యను తీసుకెళ్ళాను. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు, ముసలాయన. అంతా విని, బిడ్డకు హాని చేసే మొక్కు మొక్కే కాదు, నేను రద్దు చేస్తున్నాను, ఇంటికెళ్ళి పాపకు ఐస్‌క్రీం కొనిపెట్టండి అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు మనవాళ్ళు. ఇక్కడ పూజారి ఇచ్చాడు, భక్తుడే పుచ్చుకోలేదు. "తెల్లోళ్ళకు మన మాత సంగతి ఏం తెలుసు?" అన్నాడు శౌరయ్య మెట్లు దిగుతూ.

జనవరి ఆఖర్న మళ్ళీ గట్టి మందులు మొదలుపెట్టారు. జబ్బు తిరిగి రాకుండా ఇంకో దెబ్బ కొట్టాలన్నారు. పది రోజుల్లో తెల్లకణాలు అడుగంటుతాయి, ఒంట్లో కాపలా ఉండదు, చిన్న గీత చాలు అని హెలెన్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. నేను ఆయనకు తెలుగులో విడమరిచి చెప్పాను. బ్లేడు పెట్టారా నేను మనిషిని కాదు అని కూడా చెప్పాను. తలూపాడు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడిలాగా తలూపాడు.

ఫిబ్రవరి పదకొండు, మాత పండగ, సోమవారం వచ్చింది. నాకు ముసలివాళ్ళ నర్సింగ్ హోంలో పొద్దుటి షిఫ్ట్. ఎవాకు తోడుగా తను సెలవు పెడతానన్నాడు. నాకు అనుమానం రాలేదు. ఆసుపత్రి మొదలైనప్పటినుంచీ మేం అలాగే వంతులు వేసుకుంటున్నాం.

మధ్యాహ్నం మండుటెండలో ఇంటికొచ్చి తలుపు తీస్తే కొవ్వొత్తుల వాసన. విద్యావతి ఆంటీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పరమాన్నం తింటున్నారు. నడి హాల్లో కుర్చీలో తువ్వాలు కప్పుకుని ఎవా. తల నున్నగా, తడిగా మెరుస్తోంది. నడినెత్తిన ఒక గాటు, చెవి వెనక రెండు. పక్కన స్టూలు మీద రేజరు, నీలం కిరీటం తీసేసిన మాత సీసా, సగం ఖాళీ.

"మమ్మీ, డాడీ పుట్ స్టింకీ వాటర్ ఆన్ మై హెడ్" అంది ఎవా.

నేను అరిచిన అరుపులు కింది యూనిట్లో వాళ్ళు కూడా విన్నారు. ఏమన్నానో నాకు గుర్తులేదు. విద్యావతి ఆంటీ అన్నది మాత్రం గుర్తుంది. "పండగ పూట అట్టా అరవకూడదమ్మా. అంతా శుభంగా జరిగింది."

శౌరయ్య మొహం వెలిగిపోతోంది. ఏడు నెలల్లో ఆయన అంత ప్రశాంతంగా ఉండడం నేను చూడలేదు. "అయిపోయింది అమృతం. తీరిపోయింది. ఇంక మన బిడ్డకు ఏం కాదు" అన్నాడు. గాట్లు మండుతున్నాయని ఏడిస్తే మాత నీళ్ళు పోసి కడిగాడట, మంట ఆగుతుందని.

నేను మందు నీళ్ళతో గాట్లు తుడిచాను. వార్డుకు ఫోన్ చేశాను. బ్లేడు సంగతి చెప్పాను, వాళ్ళూ బ్లేడు గురించే అడిగారు. జ్వరం ముప్ఫై ఎనిమిది దాటితే ఆ క్షణమే తీసుకురమ్మన్నారు. గంటగంటకూ థర్మామీటరు పెడుతూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున దాటింది. చెవి వెనక గాటు చుట్టూ చర్మం ఎర్రగా లేచి, మధ్యలో నల్లటి బొట్టు. సిగరెట్‌తో కాల్చినట్టుంది.

ఆసుపత్రిలో ఆ తరవాతి రెండు రోజులు నేను వివరంగా చెప్పను. నేను నర్సును, ఒక్కొక్క గొట్టం ఎందుకు పెడతారో నాకు తెలుసు, అదే నాకు పడిన శిక్ష. నల్లబొట్టు పెరిగి రూపాయంత అయింది. ఇంకా రెండు లేచాయి. బీపీ పడిపోయింది. శౌరయ్య మంచం పక్కన మోకాళ్ళమీదే ఉన్నాడు, చేతిలో జపమాల. ఎవా చివరిసారి తెలివిగా ఉన్నప్పుడు ఆయన తలమీద చెయ్యేసి, "డాడీ, ఐ గేవ్ ఇట్. టెల్ హర్ ఐ గేవ్ ఇట్" అంది. మాతకు చెప్పమని. తన వంతు తను ఇచ్చేశానని. ఆ మాటకు ఆకాశం విరిగి పడాలి. పడలేదు. కిటికీ బయట ఎవరో కారు పార్కింగ్ కోసం తిరుగుతున్నారు.

గురువారం మధ్యాహ్నం పోయింది.

హెలెన్ నన్ను పక్క గదిలోకి పిలిచింది. రక్తంలో దొరికిన క్రిమి పేరు చెప్పి, ఇది నిలవ నీళ్ళలో పెరిగేది, ఇంట్లో పూలకుండీలుగానీ చేపల తొట్టెగానీ ఉన్నాయా, గాటుకు నీళ్ళేమైనా తగిలాయా అని అడిగింది. స్టింకీ వాటర్ అన్న మాట అప్పుడు నా చెవిలో మళ్ళీ మోగింది. చెప్పాను. హెలెన్ కాగితం మీద రాసుకుంది. రేజరు గాట్లు ఒక్కటే అయితే బహుశా నిలబెట్టుకునేవాళ్ళమేమో అంది. ఎప్పుడూ అబద్ధం చెప్పదన్నాను కదా.

శౌరయ్యకు ఇవేవీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు. బిడ్డను పూడ్చిన రోజునుంచి ఆయన మరీ భక్తుడయ్యాడు. పొద్దున లేవగానే ఆ సీసాకు దణ్ణం పెట్టుకుని పనికి పోయేవాడు. అన్నం తినేవాడు, నిద్రపోయేవాడు. నాకు ముద్ద దిగదు, ఆయన పెరుగన్నంలో మామిడికాయ పచ్చడి నంజుకునేవాడు. "మాత దగ్గరుంది కదే, మనకెందుకు దిగులు?" అనేవాడు. నా బిడ్డను చంపినదానికే రోజూ నా కళ్ళముందే మొక్కుతున్నాడు, దాంతో ఆయనకు నిద్ర పడుతోంది. అసూయ పుట్టింది నాకు. అవును, అసూయే.

ఇదీ కూడిక నాటికి సంగతి.

ఈస్టర్ ముందు తపస్సు కాలం కాబట్టి మాంసం లేదు, గుత్తివంకాయా పులిహోరా చేశాను. మాంసం ఉండదని తెలిసో ఏమో జనం కాస్త తక్కువగానే వచ్చారు. పాటలయ్యాయి. శౌరయ్య లేచి నిలబడి అద్దం ముందు వల్లించినదంతా తప్పు పోకుండా చెప్పాడు. మొక్కు తీర్చిన మూడు రోజులకే తల్లి బిడ్డను పిలిపించుకుందని, మచ్చలేని గొర్రెపిల్లగా తీసుకుపోయిందని చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నేను ఆమెన్ అనలేదు, కానీ నోరు మూసుకునే కూర్చున్నాను. చెప్పకూడదనే అనుకున్నాను ఆ నిమిషాన. దేవుడు సాక్షి అనబోయాను, అలవాటు పోదు.

అప్పుడు విద్యావతి ఆంటీ గొంతు సవరించుకుంది. "శౌరయ్యా, మా అమ్మాయి కొడుకు, మూడు నెలల పిల్లోడు, ఒళ్ళంతా దద్దుర్లు నాయనా. గోక్కుని పుళ్ళు పడ్డాయి. ఎవా తల కడిగిన ఆ మాత నీళ్ళు కాసిని ఇస్తావా? పోసి స్నానం చేయిస్తా."

శౌరయ్య మొహం విప్పారింది. పరుగున పోయి రెండు చేతుల్తో సీసా తెచ్చాడు. ఆవిడ కొంగు పట్టి అందుకుంది.

ఆ పసివాడి కోసం చెప్పానని మీరనుకోవచ్చు. మంచిదే, అనుకోండి. నేను చెప్పింది శౌరయ్య మొహంలో ఆ వెలుగు చూడలేక.

"ఆ నీళ్ళు పొయ్యమాకండి ఆంటీ. ఎవాను చంపింది ఆ నీళ్ళే" అన్నాను.

హెలెన్ చెప్పిందంతా చెప్పాను. క్రిమి పేరు, అది ఎక్కడ పెరుగుతుందో, గాటులోంచి నెత్తురులోకి ఎలా పోయిందో, నల్లబొట్టు ఎందుకొచ్చిందో. ముసలివాళ్ళకు మాత్రలు వివరించే గొంతుతో, ఒక్క కన్నీటి చుక్క లేకుండా చెప్పాను. "మాత తీసుకుపోలేదు. ఈయన బ్లేడుతో కోసి, మురిగిన నీళ్ళు పోశాడు. బిడ్డ వాసనని చెప్పింది. పోశాడు."

"బిడ్డ పోయిన దుఃఖంలో మాట్లాడుతుంది" అంది విద్యావతి ఆంటీ అందరివైపూ చూసి. తరవాత నావైపు తిరిగి, "విశ్వాసం లేని తల్లి ఉన్న ఇంట్లో మాత ఎట్టా నిలబడుద్దమ్మా? అదీ సంగతి" అంది. దెబ్బ తగిలిందని కాదుగానీ, మాట బాగానే విసిరింది. లేచి కొంగు సర్దుకుంది. మిగతావాళ్ళూ లేచారు. పులిహోర ఎవరూ ముట్టలేదు. అందరూ చెప్పులు వేసుకుంటుండగా నేను ఒకటి గమనించాను. సీసాను ఆవిడ టీపాయ్ మీద వదిలేసి వెళ్ళింది. అంత విశ్వాసమూ మనవడి ఒంటిదాకా వచ్చేసరికి ఆగిపోయింది.

తలుపు మూసుకున్నాక మేమిద్దరమే. పారమట్టా వైపు రైలొకటి పోయింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. శౌరయ్య సోఫా అంచున కూర్చుని సీసానే చూస్తున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. రెండూ చేయలేదు.

"మూత తియ్యగానే వాసనొచ్చింది" అన్నాడు.

నేను పులిహోర గిన్నె మీద మూత పెట్టాను.

"లోపల పచ్చగా పాచి కూడా కనపడింది. పొయ్యబోయి ఆగా. మళ్ళీ అనుకున్నా, మాత నీళ్ళు చెడిపోతయ్యా, చెడిపోయినయ్యని నేననుకుంటే అది అవిశ్వాసం కాదా అని. అవిశ్వాసం వల్ల మొక్కు చెల్లదేమోనని భయమేసింది. అందుకని ఇంకొంచెం ఎక్కువ పోశా."

గదిలో వంకాయ కూర వాసన నిండిపోయి ఉంది.

"ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ తలుపు సగమే మూసింది. వాటర్ అంటం వినపడింది నాకు. నాలుగేళ్ళబట్టి ఇంగ్లీషోళ్ళ పక్కన పనిచేస్తున్నా, వాటర్ అంటే తెలవదా? తెలుసు అమృతం. మొదట్నించీ తెలుసు. అందుకే తల్లి తీసుకుందన్నా. ఆమె తీసుకోకపోతే ఇంక నేనే కదా. నువ్వు ఆ ఒక్కటీ ఉండనియ్యొచ్చుగా నాకు."

అప్పుడు జాలి కలగాలి. కలిగినట్టు నటించే శక్తి కూడా నాకు లేకపోయింది. "నాకు బిడ్డ లేదు. నీకు మాత్రం దేవుడుండాలా?" అన్నాను. ఆయన్ను నేను నువ్వు అనడం అదే మొదలు.

శౌరయ్య లేచాడు. సీసా తీసుకున్నాడు, నీలం కిరీటం తిప్పి తీశాడు. నాకు ఇవతలికి వాసన కొట్టింది. తల వెనక్కి వాల్చి, మిగిలిన నీళ్ళన్నీ గటగటా తాగేశాడు. అడుగున ఉన్న పాచి కూడా రాలేదాకా సీసాను నోటిమీద తట్టుకున్నాడు. మాతను తలకిందులుగా పట్టుకుని.

"ఉంటే నన్ను తీసుకుపోద్ది. చూద్దాం" అన్నాడు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ నీళ్ళతో పెద్దగా ఏమీ కాదు. కడుపులో కాస్త గడబిడ, అంతే. ఒంట్లో కాపలా లేని పిల్లకు, నెత్తురులోకి దారి దొరికితేనే అది చంపుతుంది. ఏ నర్సునడిగినా చెబుతుంది. నేను చెప్పలేదు.

మర్నాడు కడుపునొప్పి కూడా రాలేదు. పనికి పోయి వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని, ఎవాకు పెట్టే థర్మామీటరు డ్రాయర్లోంచి తీసి నాలుక కింద పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. జపం చేసుకునే వేళ అది. అల్మరా మీద పటం ఉంది, అటు చూడలేదు. థర్మామీటరు తీసి నాకు అందించాడు, పాదరసం గీత ఆయనకు సరిగా కనబడదు.

ఈస్టర్ వచ్చి వెళ్ళింది. మేం పూజకు పోలేదు. రోజూ సాయంత్రం ఆయన ఫ్యాక్టరీనుంచి రావడం, పంచదార వాసనతో ఆ సోఫాలో కూర్చోవడం, థర్మామీటరు పెట్టుకోవడం. శిక్షకోసం ఆయన చూస్తున్నాడు. శిక్ష వస్తే దేవుడున్నట్టు, బిడ్డ మాత దగ్గర ఉన్నట్టు. ఆ ఆశతోనే నా చేతికి ఆ గాజుపుల్ల ఇచ్చి, నా మొహంలోకి చూస్తాడు.

నేను దీపం దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి చూసి, విదిలించి డ్రాయర్లో పెట్టేస్తాను.

"నార్మల్" అంటాను.